మామయ్య కబుర్లు: పొట్లం ఎందుకు ఉబ్బింది?

పిల్లలూ!

"మామయ్యా, విమాన ప్రయాణం ఎంతో హాయిగా ఉంటుందట గదా! ఎక్కి కూర్చోవటం, మబ్బులు చూడటం, దిగటం - అంతేనా?" అని మీలో చాలామంది ఉత్తరాలు వ్రాస్తున్నారు. అంతే అయితే నాకు ఈ నెల వ్రాయటానికి ఏమీ ఉండేది కాదు!

ఈ ఎండాకాలం సెలవుల్లో నేను మా అక్కయ్యావాళ్ళతో కలిసి హైదరాబాదు నించి లదాఖ్‌లోని లేహ్ పట్టణానికి విమానంలో వెళ్ళాను. మొత్తం ఎనిమిది రోజుల ప్రయాణం. అందులో ఏడు రోజులు బహు సంతోషంగా గడిచాయి. కాని నేను చెప్పబోయేది ఆ ఏడు రోజుల సంగతి కాదు, మొదటి రోజు సంగతి. ఆ ఒక్క రోజున మేము నేర్చుకున్నది మిగిలిన ఏడు రోజులలోనూ నేర్చుకోలేదు.

మేము అయిదుగురం. మా అక్కయ్య, బావగారు, వాళ్ళ పిల్లలు చిన్నీ, బుజ్జిగాడూ, నేనూ. చిన్ని ఆరవ తరగతి ప్యాసయింది. నెమ్మదైన పిల్ల. బుజ్జిగాడికి ఏడేళ్ళు. వాడికి మెలకువగా ఉన్నంతసేపూ నోరు మూతపడదు. బావగారు లెక్కల మాస్టారు. ఆయన ఏ పని చేసినా ముందుగా జాబితా వ్రాసి మరీ చేస్తారు. ఏ పెట్టెలో ఏ వస్తువు ఉండాలో, ఏ గంటకు ఏమి చూడాలో, అన్నీ నాలుగు కాగితాల మీద వ్రాసి, జేబులో పెట్టుకున్నారు.

విమానం రాత్రి పది గంటలకు. సాయంత్రం ఆరింటికి ఇల్లు వదిలాము. దారిలో వాన పట్టుకున్నది. బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. శంషాబాదు విమానాశ్రయం చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. బావగారి ముఖం అప్పటికే ఎర్రబడింది. ఎట్లాగో పరుగెత్తి, పెద్ద పెట్టెలు రెండూ అప్పగించి, "అమ్మయ్య!" అనుకుంటున్నాము. ఇంతలో మైకులో బావగారి పేరు పిలిచారు. మా పెట్టెలో ఉండరాని వస్తువేదో ఉన్నదట!

నేనూ బావగారూ వెళ్ళాము. అక్కడి ఉద్యోగి పెట్టె తెరవమన్నాడు. తెరిస్తే ఏమున్నదనుకున్నారు? అక్కయ్య పట్టుచీర మడతల్లో, పాతగుడ్డలో మూటకట్టి, ఎనిమిది ఎండుకొబ్బరి చిప్పలు! బావగారి అమ్మగారిది అమలాపురం. "ఆ చలిదేశంలో నా కొడుక్కు కొబ్బరిపొడి ఎవరు చేసిపెడతారు?" అని ఆవిడ ఎవరికీ చెప్పకుండా పెట్టేసింది.

"ఎండుకొబ్బరి విమానంలో పనికిరాదండీ," అన్నాడు ఆ ఉద్యోగి.

బావగారు ఫోనులో సంగతి చెబితే, ఆవిడ, "కొబ్బరిచిప్పకు కూడా టిక్కెట్టు కొనాలిటరా?" అన్నది. ఎవరికైనా నవ్వు రావలసిందే. కాని ఆ క్షణాన మాకు నవ్వు రాలేదు.

పిల్లలూ, కొబ్బరి ఏం పాపం చేసింది అని మీరు అడుగుతారు. ఎండుకొబ్బరిలో నూటికి అరవై పాళ్ళకు పైగా నూనె ఉంటుంది. దీపం పెడితే వత్తిలా మండుతుంది. అంతేకాదు, సరిగా ఆరని కొబ్బరిని గాలి ఆడనిచోట కుప్పపోస్తే, అందులోని నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, ఎవరూ నిప్పు పెట్టకుండానే తనంతట తానే వేడెక్కగలదు. అందుకనే విమానాల వాళ్ళు ఎండుకొబ్బరిని "తనంతట తానే అంటుకోగల వస్తువుల" కోవలో చేర్చారు. మన దేశంలో 2022 నించి పెద్ద పెట్టెల్లోనూ దాన్ని పెట్టనివ్వటం లేదు. ఎనిమిది చిప్పలకు విమానం అంటుకుంటుందా అంటే, అంటుకోకపోవచ్చు. కాని మూడు వందల మంది తలా ఎనిమిది చిప్పలు తెస్తే? నియమం అందరికీ ఒకటే గదా!

ఆ చిప్పలను అక్కడ నేల తుడిచే ఆమెకు ఇచ్చేశాము. అంతటితో అయిందా? కాలేదు. ఆ ఉద్యోగి పెట్టెలో ఇంకొంచెం వెతికి, ఫోనుకు ఛార్జింగు పెట్టే పవర్‌బ్యాంకును బయటికి తీశాడు. "ఇది పెద్ద పెట్టెలో ఉండకూడదు. చేతిసంచిలో పెట్టుకోండి," అన్నాడు.

ఇదీ విచిత్రంగానే ఉన్నది గదా! ప్రమాదమైన వస్తువైతే మన దగ్గిర పెట్టుకోమనటం ఏమిటి? కారణం చెబుతాను, వినండి. పవర్‌బ్యాంకులో లిథియం బ్యాటరీ ఉంటుంది. అది ఏ దెబ్బో తగిలి లోపల చెడిపోతే ఒక్కొక్కప్పుడు భగ్గుమని మండుతుంది. మనుషులు కూర్చునే చోట మండితే వెంటనే కనబడుతుంది, ఆర్పవచ్చు. సామానుల కొట్టులో మండితే ఎవరు చూస్తారు? ఎవరు ఆర్పుతారు? శత్రువును కళ్ళ ఎదుట ఉంచుకోవటం మంచిదన్నమాట.

మేము తిరిగి వచ్చేసరికి తొమ్మిదింబావు. బావగారి ఓర్పు అయిపోయింది. "పవర్‌బ్యాంకు పెద్ద పెట్టెలో పెట్టింది ఎవరు?" అని అరిచారు.

"నేనే నాన్నా," అన్నది చిన్ని.

"బుద్ధి ఉన్నదా నీకు? నీమూలాన విమానం తప్పిపోయేది. ఇంకొక్కసారి నావల్ల ఇబ్బంది అనిపించావో, చూడు!" అన్నారు ఆయన. చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. చిన్ని ఏదో చెప్పబోయి, ఊరుకున్నది. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఈ మాట గుర్తు పెట్టుకోండి. దీనితో తరువాత పని ఉన్నది.

పరుగుపరుగున వెళ్ళి ఎట్లాగో విమానం ఎక్కాము. బుజ్జిగాడు కిటికీ దగ్గిర కూర్చుని ఒక సీసాడు నీళ్ళు తాగి, మూత బిగించి, సీటు ముందున్న సంచిలో పెట్టాడు. చిన్ని నిద్రపోయింది. రెండు గంటలు దాటాక విమానం ఢిల్లీలో దిగటం మొదలుపెట్టింది. అప్పుడు చిన్ని ఉలిక్కిపడి లేచి, రెండు చేతులతో చెవులు మూసుకున్నది. నేను చూసి, "నొప్పిగా ఉన్నదా, అమ్మాయీ?" అని అడిగాను. అది తండ్రివైపు ఒకసారి చూసి, "లేదు మామయ్యా," అన్నది. అబద్ధమని నాకు తెలుస్తూనే ఉన్నది. దానికో చాక్‌లెట్టు ఇచ్చి, "చప్పరిస్తూ గుటకలు వెయ్యి," అన్నాను. కొంచెం సేపటికి చెవులు 'టప్‌' మన్నాయట.

విమానం దిగేముందు బుజ్జిగాడు తన సీసా పైకి తీశాడు. మూత తియ్యలేదు, ఎవరూ నొక్కలేదు. అయినా అది ఎవరో పిడికిట పట్టి నలిపినట్టు సొట్టలు పడి ఉన్నది!

"మామయ్యా! నా సీసాను ఎవరు నలిపారు?" అన్నాడు వాడు.

"గాలి నలిపిందిరా!" అన్నాను.

ఎట్లాగో చూడండి. విమానం 35,000 అడుగుల ఎత్తున పోతున్నప్పుడు బయట గాలి ఒత్తిడి మన నేల మీది ఒత్తిడిలో నాలుగో వంతు కూడా ఉండదు. ఆ గాలిలో మనిషి బతకలేడు. అందుచేత విమానం లోపలికి గాలిని దట్టించి పంపుతారు. కాని నేల మీద ఉన్నంత ఒత్తిడి లోపల ఉంచాలంటే విమానం గోడలు ఇంకా దిట్టంగా, బరువుగా కట్టాలి. అందుకని సుమారు 6,000 నించి 8,000 అడుగుల కొండ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో అంత మాత్రమే ఉంచుతారు. అంటే, విమానం ఎక్కిన ప్రతివాడూ కూర్చున్నచోటనే ఒక కొండ ఎక్కి దిగుతున్నాడన్నమాట! బుజ్జిగాడు మూత బిగించినప్పుడు సీసాలో ఉన్నది 'కొండగాలి'. ఢిల్లీలో దిగేసరికి చుట్టూ ఉన్నది 'నేలగాలి'. దాని ఒత్తిడి ఎక్కువ. అది సీసాను నలిపేసింది.

చెవి సంగతీ అంతే. మన కర్ణభేరి వెనక చిన్న గది ఉన్నది. ఆ గదికీ గొంతుకూ మధ్య సన్నని గొట్టం ఉన్నది. విమానం పైకి పోయేటప్పుడు గదిలోని గాలి గొట్టం గుండా సులువుగా బయటికి పోతుంది. దిగేటప్పుడు బయటి గాలి లోపలికి రావాలి. కాని ఆ గొట్టం మూసుకుపోయి ఉంటుంది; గుటక వేసినప్పుడు, ఆవులించినప్పుడు తెరుచుకుంటుంది. నిద్రపోయేవాళ్ళు గుటకలు తక్కువగా వేస్తారు. అందుచేత విమానం దిగేటప్పుడు పిల్లలను నిద్ర లేపటం మంచిది. చంటిపిల్లలైతే పాలు తాగించాలి.

ఢిల్లీలో రాత్రంతా కుర్చీలలో కూర్చుని తూగాము. తెల్లవారుజామున లేహ్ విమానం. లేహ్‌లో మధ్యాహ్నం తరువాత కొండల మధ్య గాలులు బలంగా వీస్తాయి గనక విమానాలు ఎక్కువగా పొద్దుటిపూటే వచ్చి వెళతాయి. ఎక్కేముందు బుజ్జిగాడు అక్కడి కొట్లో ఒక ఆలుగడ్డ వేపుళ్ళ పొట్లం కొనిపించుకున్నాడు. విమానం పైకి లేచిన కాసేపటికి ఆ పొట్లం పూరీలాగా ఉబ్బింది. వాడు దానికి "లంబోదరుడు" అని పేరు పెట్టి, ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు.

కింద మంచుకొండలు! పొద్దుటి ఎండలో మెరిసిపోతున్నాయి. బావగారు కూడా జాబితా జేబులో పెట్టి, కిటికీలోంచి చూశారు. గంటంబావులో లేహ్ వచ్చేసింది. ఈసారి చిన్నికి చెవులు నొప్పిపెట్టలేదు.

"మామయ్యా, నా సీసా ఢిల్లీలో దిగగానే నలిగింది గదా! మరి లంబోదరుడి పొట్ట తగ్గలేదేం?" అన్నాడు బుజ్జిగాడు. నిజమే. పొట్లం తగ్గలేదు సరిగదా, ఇంకా బిర్రుగా ఉన్నది.

నాకు నిద్ర ముంచుకొస్తున్నది. "తరువాత చెబుతానురా," అన్నాను. పిల్లలూ, నెలనెలా మీకు సైన్సు కబుర్లు చెప్పే ఈ మామయ్య, చెప్పవలసిన వేళ చెప్పలేదు. ఆ పొట్లం మాకొక హెచ్చరిక చేస్తున్నది. నేను వినలేదు.

"లేహ్ ఎత్తైన చోటు. వచ్చినవాళ్ళు మొదట విశ్రాంతి తీసుకోవాలి," అని విమానంలో చెప్పనే చెప్పారు. మేము దిగిన ఇంటి యజమానురాలు కూడా "జూలే!" అని నవ్వుతూ పలకరించి - లదాఖ్‌లో నమస్కారానికీ, సెలవుకీ, కృతజ్ఞతకీ అన్నిటికీ అదే మాట - వేడి టీ ఇచ్చి, "ఈ రోజూ రేపూ ఎక్కడికీ వెళ్ళకండి. పడుకోండి, నీళ్ళు తాగండి," అని హిందీలో చెప్పింది. కాని బావగారి జాబితాలో మొదటి రోజే రాజుగారి పాతకోట చూడాలని ఉన్నది. తొమ్మిది అంతస్తుల ఆ కోట పదిహేడవ శతాబ్దంలో కట్టినది. పట్టణానికి పైన, కొండ మీద ఉన్నది. మధ్యాహ్నం దాకా పడుకుని, "ఇంక విశ్రాంతి చాలు," అన్నారు బావగారు. నేనూ తల ఊపాను.

మెట్లదారిలో నాలుగడుగులు వేసేసరికి అందరికీ ఆయాసం వస్తున్నది. బుజ్జిగాడు కూడా మాట్లాడటం మానేశాడంటే చూడండి! సగం దారిలో చిన్ని ఒక రాతి మీద కూలబడింది. ముఖం పాలిపోయింది. "ఏమయిందే?" అని అక్కయ్య దగ్గిరికి వెళ్ళేలోగా వాంతి చేసుకున్నది.

"తల నొప్పిగా ఉన్నదా?" అన్నాను.

చిన్ని జవాబు చెప్పలేదు. బుజ్జిగాడు చెప్పాడు: "అక్క మధ్యాహ్నం అన్నం తినలేదు. నా కంచంలో పెట్టేసింది. తల పగిలిపోతున్నదట. ఎవరికీ చెప్పవద్దని నా దగ్గిర ఒట్టు వేయించుకున్నది."

"ఎందుకు చెప్పలేదు తల్లీ?" అన్నది అక్కయ్య.

"ఇంకోసారి ఇబ్బంది పెట్టవద్దన్నాడు గదా, నాన్న!" అని చిన్ని ఏడ్చేసింది.

బావగారు మారు మాట్లాడలేదు. పిల్లను వీపున ఎక్కించుకుని దిగటం మొదలుపెట్టారు. ఆయనకూ ఆయాసం వస్తున్నది. నేను మోస్తానంటే వినలేదు. దారిలో బండి దొరికితే నేరుగా ఆసుపత్రికి పోయాము.

డాక్టరు చిన్ని వేలికి బట్టల క్లిప్పులాంటి చిన్న యంత్రం తగిలించాడు. రక్తంలో ప్రాణవాయువు ఎంత ఉన్నదో అది చూపిస్తుంది. మన ఊళ్ళో అయితే 97, 98 చూపించాలి. అది 83 చూపించింది. అక్కయ్య కొంగు నోట్లో కుక్కుకున్నది.

డాక్టరు నెమ్మదిగా చెప్పాడు: "భయపడకండి. ఇది కొండజబ్బు, ఇప్పుడే మొదలయింది. విశ్రాంతి తీసుకుంటే తగ్గుతుంది. కాని తలనొప్పి ఉండగా ఇంకా పైకి వెళ్ళటం మాత్రం పెద్ద ప్రమాదం. ఒక్కొక్కరికి ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరుతుంది. కూర్చున్నా ఆయాసం వస్తున్నా, తిన్నగా నడవలేక తూలుతున్నా, క్షణం ఆలస్యం చేయకుండా కిందికి దించాలి." కొంచెం సేపు ముక్కుకు ప్రాణవాయువు పెట్టి, తలనొప్పికి మందు ఇచ్చి, చిన్ని ముఖంలోకి రంగు వచ్చాక పంపించాడు. పోయేముందు చిన్నితో, "అమ్మాయీ, యంత్రం చెప్పకముందే నీ తల చెప్పింది. ఇంకోసారి దాని మాట మాకు కూడా చెప్పు," అన్నాడు.

ఇంటికి వచ్చాక బుజ్జిగాడు నా దగ్గిరికి వచ్చి కూర్చున్నాడు. లంబోదరుడు ఇంకా ఉబ్బే ఉన్నాడు. అప్పుడు చెప్పాను, పొద్దున చెప్పవలసిన సంగతి.

"ఒరే, లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడి గాలి ఒత్తిడి సముద్రపు ఒడ్డున ఉండే ఒత్తిడిలో మూడింట రెండు వంతులు మాత్రమే. ఇది విమానం లోపల ఉండే ఒత్తిడి కన్నా కూడా తక్కువ. అందుకనే దిగినా నీ పొట్లం తగ్గలేదు, అక్క చెవులు నొప్పిపెట్టలేదు. మనం విమానంలో ఎక్కిన 'కొండ' దిగనేలేదు. ఇంకా ఎక్కాము! ఇక్కడి గాలిలోనూ ప్రాణవాయువు నూటికి ఇరవై ఒక్క పాళ్ళే. కాని గాలే పలచన గనక, ఒక్కొక్క ఊపిరితో మనకు అందేది తక్కువ. హైదరాబాదు నించి సుమారు 3,000 మీటర్ల ఎత్తు మనం రాత్రికి రాత్రి ఎక్కేశాము. విమానానికి తొందర ఉండవచ్చు, ఒంటికి తొందర పనికిరాదు. ఊపిరి జోరుగా తీయటం, గుండె వేగంగా కొట్టుకోవటం వెంటనే మొదలవుతాయి. తక్కిన సర్దుబాట్లకు రోజులు పడతాయి. రక్తంలో ఎర్రకణాలు పెరగాలంటే వారాలే పడుతుంది."

బావగారు తలుపు దగ్గిర నిలబడి అంతా వింటున్నారు. ఆయన చేతిలో జాబితా ఉన్నది.

"బావగారూ, మీకొక బావగారి కథ చెబుతాను," అన్నాను. "ఫ్రాన్సులో పాస్కల్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. కొండ మీద గాలి ఒత్తిడి తక్కువ ఉంటుందేమో చూడాలని ఆయన ఆలోచన. ఆయన పారిస్‌లో ఉన్నాడు, కొండేమో ఎక్కడో దూరాన ఉన్నది. అందుకని ఆ ఊళ్ళో ఉన్న తన అక్కగారి భర్తకు - అంటే బావగారికి - ఉత్తరం వ్రాశాడు. ఆ బావగారి పేరు పెరియే. 1648 సెప్టెంబరు 19న పెరియే గాజు గొట్టమూ పాదరసమూ మోసుకుని ప్యూయి ద దోమ్ అనే కొండ ఎక్కాడు. పైకి పోయి చూస్తే గొట్టంలో పాదరసం సుమారు మూడు అంగుళాలు దిగింది! కింద మఠం తోటలో ఇంకొక గొట్టం ఉంచి, పొద్దస్తమానం దానివంక చూస్తూ ఉండమని ఒక సన్యాసికి అప్పగించి వెళ్ళాడు. అందులో మార్పేమీ లేదు. ఎత్తుకు పోయినకొద్దీ గాలి బరువు తగ్గుతుందని ఆ విధంగా రుజువయింది."

"ఆ బావగారు నా కన్నా తెలివైనవాడు," అన్నారు మా బావగారు. "పైన ఏమవుతుందో చూస్తూనే, కింద ఉన్నదాన్ని కనిపెట్టి చూడటానికి ఒక మనిషిని పెట్టాడు. నేను జాబితా చూసుకుంటూ నా పిల్లనే చూసుకోలేదు."

ఆయన చిన్ని మంచం దగ్గిరికి వెళ్ళి, జేబులోని రెండవ కాగితం విప్పి చూపించారు. అందులో ఆయన చేతివ్రాతతోనే ఇట్లా ఉన్నది: "ఛార్జర్లు, వైర్లు, పవర్‌బ్యాంకు - పెద్ద పెట్టె."

"తప్పు నాదేనమ్మా. నువ్వు నేను వ్రాసినట్టే చేశావు. అప్పుడే చెప్పకపోయావా?"

"చెప్పబోయాను నాన్నా. నువ్వు వినలేదు," అన్నది చిన్ని, నెమ్మదిగా.

"అవును, వినలేదు. క్షమించు, తల్లీ," అన్నారు బావగారు. లెక్కల మాస్టారు తన లెక్క తప్పని ఒప్పుకోవటం నేను చూడటం అదే మొదటిసారి.

ఆ రాత్రి నాకు ఇంకొక కథ గుర్తుకు వచ్చి చాలాసేపు నిద్ర పట్టలేదు. 1875 ఏప్రిల్ 15న ఫ్రాన్సులో ముగ్గురు "జెనిత్" అనే బెలూనులో 8,000 మీటర్లు దాటి పైకి పోయారు. వాళ్ళ దగ్గిర సంచులలో ప్రాణవాయువు ఉన్నది. చేతికి అందేంత దూరంలోనే ఉన్నది. కాని పలచగాలిలో మనిషికి తన ప్రమాదం తనకు తెలియదు. బాధ కూడా అనిపించదు. చెయ్యి చాచాలనుకునేసరికి చెయ్యి కదలలేదు. ఇద్దరు చనిపోయారు. టిసాండియే అనే ఆయన ఒక్కడే బతికి బయటపడ్డాడు. ఆయనకూ చెవుడు వచ్చింది. చూశారా, మందు పక్కనే ఉన్నా వేళకు అందుకోకపోతే దండగే. చిన్నికి మందు అంటే ఏమిటి? "నాన్నా, తల నొప్పిగా ఉన్నది" అన్న ఒక్క మాట. ఆ మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆపింది మేమే.

మర్నాడు పొద్దున్నే చిన్ని రెండు రొట్టెలు తిన్నది. "తల ఎట్లా ఉన్నది?" అని బావగారు గంటకొకసారి అడుగుతూంటే, చివరికి, "నాన్నా, తల బాగానే ఉన్నది. నువ్వు అడగటంతోనే నొప్పి వచ్చేట్టున్నది!" అన్నది. అందరం నవ్వాము. రెండు రోజులు కదలకుండా కూర్చుని, ఇంటావిడ ఇచ్చిన ఎండు ఆప్రికాట్ పళ్ళు తింటూ, అష్టాచెమ్మా ఆడాము. నాలుగో రోజున డాక్టరుకు చూపించి, ఆయన సరేనన్నాకే 5,300 మీటర్లకు పైగా ఎత్తున్న ఖార్దుంగ్ లా కనుమకు వెళ్ళాము. అక్కడ పావుగంట కన్నా ఎక్కువసేపు నిలవలేదు. బావగారి జాబితా ఏమయిందంటారా? బుజ్జిగాడు దానితో కాగితపు విమానం చేశాడు.

లంబోదరుణ్ణి అక్కడెవరూ తినలేదు. భద్రంగా హైదరాబాదు తెచ్చాము. ఇంటికి వచ్చేసరికి పొట్ట తగ్గి, మామూలు పొట్లం అయిపోయింది. నాయనమ్మ దాన్ని చూసి, "నా కొబ్బరిచిప్పలను పోనివ్వలేదు గాని, ఈ చెత్తను పోనిచ్చారా?" అన్నది.

సరే, పిల్లలూ! మీలో అందరూ లేహ్ వెళ్ళలేకపోవచ్చు. కాని తిరుమల వెళ్ళేవాళ్ళు చాలామంది ఉంటారు. తిరుమల కొండ సుమారు 850 మీటర్ల ఎత్తు. ఈసారి వెళ్ళినప్పుడు, ఇంటి నించి తీసుకుపోయిన పలచని ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు కొండ మీద పూర్తిగా తాగేసి, మూత గట్టిగా బిగించండి. తిరుపతికి దిగాక సీసాను జాగ్రత్తగా చూడండి. ఏమయిందో, ఎందుకయిందో నాకు వ్రాయండి. ఖాళీ సీసాను మాత్రం కొండ మీద పారెయ్యకండి సుమా!

ఇంకొక్క మాట. ఎక్కడికి ప్రయాణం చేసినా, తల నొప్పిగా ఉన్నా, కడుపులో తిప్పినా, భయం వేసినా, పెద్దవాళ్ళకు వెంటనే చెప్పండి. వాళ్ళు విసుక్కున్నా సరే, రెండోసారి చెప్పండి. అప్పటికీ వినకపోతే, ఈ నెల పత్రిక తీసి, మామయ్య ఇట్లా వ్రాశాడని ఈ పేజీ చూపించండి. దీన్ని మా బావగారు చదివి, ఒప్పుకున్నాకే అచ్చుకు పంపాను.

ఉంటాను మరి.

మీ మామయ్య